ఒక హద్దు రాయి, ఒక మాట: గాలి జనార్దన రెడ్డి రాజకీయ జీవితాన్ని చిత్తూరు వైపు నుంచి చూస్తే

తిరుపతిలో గాలి జనార్దన రెడ్డి పేరు ఎత్తితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది కిరీటమే. 2009 జూన్‌లో ఆయన తిరుమల శ్రీవారికి వజ్రాలు పొదిగిన బంగారు కిరీటం సమర్పించారు. దాని విలువ 42 కోట్లని కొన్ని పేపర్లు రాస్తే 45 కోట్లని కొన్ని రాశాయి. సుమారు 30 కిలోల బరువు, రెండున్నర అడుగుల ఎత్తు అన్నారు. అప్పటికి ఆయన కర్ణాటకలో మంత్రి. రెండేళ్లు దాటాక సీబీఐ అరెస్టు చేసింది, ఆ కిరీటం తిరిగి ఇచ్చేయాలన్న డిమాండ్లు తిరుపతిలోనే గట్టిగా వినిపించాయి.

రెండో మాట, "ఆయన మనోడే కదా" అని. అది నిజమే. ఆ కుటుంబం మూలాలు చిత్తూరు జిల్లాలో ఉన్నాయి. తండ్రి చెంగారెడ్డి పోలీసు కానిస్టేబుల్. ఉద్యోగం బళ్లారి వైపు తీసుకెళ్తే అక్కడే స్థిరపడ్డారు. కరుణాకర రెడ్డి, సోమశేఖర రెడ్డి, జనార్దన రెడ్డి, ఈ ముగ్గురు అన్నదమ్ముల్లో జనార్దన రెడ్డే చిన్నవారు, 1967లో పుట్టారు. కానిస్టేబుల్ కొడుకు మంత్రి అయ్యి, ఎగుమతి కంపెనీ యజమాని అయ్యి, ప్రభుత్వాలను నిలబెట్టి కూలదోసే స్థాయికి వెళ్లాడంటే మన వైపు కొందరికి కాస్త గర్వంగానే ఉంటుంది, ఆ గర్వం ఎక్కడి నుంచి వస్తుందో అర్థం చేసుకోవచ్చు. కానీ కిరీటం దగ్గరా బంధుత్వం దగ్గరా ఆగిపోతే ఈ కథలో తెలుసుకోవాల్సింది మిగిలే ఉంటుంది. గనుల ప్రాంతంలో ఒక శాసనసభ్యుడి బలం సభలో చేసే ప్రసంగంలో ఉండదు. కొండ మీద హద్దు రాయి ఎక్కడుందన్న దాంట్లో, జీవోలో ఏ మాట ఉంది, ఏ మాట లేదు అన్న దాంట్లో ఉంటుంది. జనార్దన రెడ్డి జీవితం మొత్తం ఈ రెండింటి చుట్టూ తిరిగింది.

ముందు హద్దు సంగతి. బళ్లారి అంటే ఇప్పుడు మనకు వేరే రాష్ట్రం, కానీ 1800లో నిజాం బ్రిటిషువాళ్లకు ఇచ్చిన దత్త మండలాల్లో బళ్లారి కూడా ఉంది, కడప, కర్నూలు, అనంతపురంతో కలిపి. మద్రాసు రాష్ట్రంలో అందరం ఒకే పాలన కింద ఉన్నాం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు బళ్లారి జిల్లాను చీల్చారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి, కన్నడ తాలూకాలు మైసూరుకు పోయాయి, బళ్లారి తాలూకా ఎటు పోవాలన్న గొడవ తేల్చడానికి జస్టిస్ మిశ్రాతో కమిషన్ కూడా వేయాల్సి వచ్చింది. మనుషుల భాషను చూసి గీసిన గీత అది. భూమి లోపల ఇనుము ఏ వైపు ఎంత ఉందో అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే అప్పట్లో ఆ ఇనుముకు పెద్ద ధర లేదు. అనంతపురం జిల్లా డి.హీరేహాళ్ మండలంలోని ఓబుళాపురం కొండలు ఆ గీతకు ఆనుకునే ఉన్నాయి. గీతకు అవతల బళ్లారి రిజర్వ్ ఫారెస్ట్. కొండ ఒకటే, ఖనిజం ఒకటే, రాష్ట్రాలు మాత్రం రెండు.

జనార్దన రెడ్డి నేరుగా గనుల్లోకి రాలేదు. 1990ల్లో బళ్లారిలో ఎన్నోబుల్ ఇండియా పేరుతో డిపాజిట్లు సేకరించే ఫైనాన్స్ కంపెనీ నడిపారు, అది కొన్నేళ్లకే మూతపడింది, డబ్బు కట్టినవాళ్లు ఇబ్బంది పడ్డారు. ఆయన్ని రాజకీయంగా నిలబెట్టింది 1999 ఎన్నిక. సోనియా గాంధీ మొదటిసారి లోక్‌సభకు పోటీ చేస్తూ అమేథీతో పాటు బళ్లారినీ ఎంచుకున్నారు, బీజేపీ అప్పటికప్పుడు సుష్మా స్వరాజ్‌ను దించింది. సుష్మ 56 వేల ఓట్ల తేడాతో ఓడిపోయారు. కానీ ఆ కొద్ది రోజుల ప్రచారంలో ఆమె వెంట తిరిగిన రెడ్డి సోదరులు, బి. శ్రీరాములు ఢిల్లీ దాకా పరిచయం సంపాదించారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి శ్రావణంలో వరమహాలక్ష్మి వ్రతానికి సుష్మా స్వరాజ్ బళ్లారి వచ్చేవారు, పత్రికల్లో ఫొటోలు పడేవి. కాంగ్రెస్ కంచుకోటలో బీజేపీకి మనుషులు దొరికారు, ఆ మనుషులకు పార్టీ దొరికింది. డబ్బు ఇంకా రాలేదు.

డబ్బు చైనా నుంచి వచ్చింది. 2000ల మొదట్లో ఓబుళాపురం మైనింగ్ కంపెనీ, అందరూ ఓఎంసీ అని పిలిచేది, జనార్దన రెడ్డి చేతికి వచ్చింది. ఆ సమయంలోనే చైనాలో ఉక్కు కర్మాగారాలు విపరీతంగా పెరిగాయి, 2008 బీజింగ్ ఒలింపిక్స్ నిర్మాణాలు మొదలయ్యాయి, ఇనుప ఖనిజానికి ఎన్నడూ లేని గిరాకీ వచ్చింది. అంతకుముందు ఎవరికీ పట్టని ఎర్రమట్టి పొడి టన్ను వంద డాలర్లు దాటిపోయింది. అప్పటి మారకం లెక్కన నాలుగు వేల రూపాయలకు పైనే. మరి ఆ టన్ను మీద ప్రభుత్వానికి కట్టాల్సిన రాయల్టీ ఎంత? రకాన్ని బట్టి 16 నుంచి 27 రూపాయలు. ఇందులో అచ్చుతప్పు లేదు. ధరతో సంబంధం లేకుండా టన్నుకు ఇంత అని కేంద్రం ఎప్పుడో ఖరారు చేసిన రేటు అలాగే కొనసాగింది. అమ్మకం ధరలో 10 శాతం అని మార్చింది 2009 ఆగస్టులో, అప్పటికి బంగారు కాలం చాలామటుకు గడిచిపోయింది. ఈ సంగతి పక్కన పెట్టి బళ్లారి కథను కేవలం మనుషుల అత్యాశ కథగా చెప్పేవాళ్లు సగమే చెబుతున్నట్టు. నాలుగు వేల సరుకు మీద ఇరవై రూపాయలు కట్టి మిగతాది జేబులో వేసుకోవచ్చని చట్టమే దారి చూపించాక, ఆ కొండను ఎవరు తవ్వుతారు అన్నదే అసలు రాజకీయం అయిపోతుంది. లీజు ఇచ్చేది ప్రభుత్వం, కాబట్టి ప్రభుత్వంలో ఉండటమే అతి పెద్ద పెట్టుబడి అయింది.

ఇక్కడే ఆ ఒక్క మాట వస్తుంది. కడప జిల్లా జమ్మలమడుగు దగ్గర బ్రహ్మణి స్టీల్స్ పేరుతో ఉక్కు ఫ్యాక్టరీ కడతామని జనార్దన రెడ్డి ముందుకొచ్చారు, వై.ఎస్. రాజశేఖర రెడ్డి ప్రభుత్వం 10,760 ఎకరాలు కేటాయించింది. రాయలసీమకు ఉక్కు ఫ్యాక్టరీ అంటే ఎంత ఆశో మన వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఫ్యాక్టరీకి ఖనిజం కావాలి, అందుకని 2007లో ఓఎంసీకి ఓబుళాపురం దగ్గర మరో రెండు లీజులు వచ్చాయి, ఒకటి 68.5 హెక్టార్లు, ఇంకోటి 39.5 హెక్టార్లు. సొంత ఫ్యాక్టరీ అవసరానికే తవ్వాలి, బయట అమ్మకూడదు అన్న షరతును అధికార భాషలో 'క్యాప్టివ్' అంటారు. సీబీఐ వాదన ప్రకారం ఫైలు నడిచినంతకాలం ఆ షరతు ఉంది, ఫ్యాక్టరీ పెడతామన్న కారణంగానే మిగతా దరఖాస్తుదారులను కాదని ఓఎంసీకి లీజు ఇవ్వడం జరిగింది, తీరా జీవో బయటికి వచ్చేసరికి అందులో 'క్యాప్టివ్' అన్న మాట లేదు. ఆ మాట లేకపోతే తవ్విన ఖనిజాన్ని ఎవరికైనా అమ్ముకోవచ్చు, ఓడ ఎక్కించవచ్చు. జమ్మలమడుగులో ఉక్కు ఫ్యాక్టరీ లేవలేదు, తర్వాతి ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది. ఖనిజం మాత్రం రేవులకు పోయింది.

వేల కోట్ల వ్యవహారాన్ని జనం లారీల్లో, హెలికాప్టర్లలో, బంగారు కుర్చీలో చూశారు గానీ దాని గుండెకాయ మాత్రం ఒక కాగితంలో రాయకుండా వదిలేసిన ఒక్క మాట. అసెంబ్లీలో ఎవరూ దాని మీద ఓటు వేయలేదు. జీవోలు చదివే అలవాటు పెద్దగా లేని మనబోటి జనానికి అది తెలిసేసరికి కొండ సగం తరిగిపోయింది.

ఇక హద్దు రాయి. ఆంధ్ర వైపు ఓఎంసీ లీజుల విస్తీర్ణం తక్కువ. ఆరోపణ ఏమిటంటే, గీత దాటి కర్ణాటక అడవిలో తవ్వి, దాన్ని ఆంధ్రలో తవ్విన ఖనిజంగా ఆంధ్ర పర్మిట్ల మీద పంపారని. హద్దు రాళ్లు పీకేశారు, చెరిపేశారు, గీతే కనపడకుండా చేశారు అని కర్ణాటక లోకాయుక్త నివేదికలోనూ, సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ పరిశీలనలోనూ వచ్చింది. ఒక రాష్ట్రం అధికారి వస్తే "ఇది అవతలి రాష్ట్రం" అనొచ్చు, అవతలి రాష్ట్రం అధికారి వస్తే "ఇది ఇవతలిది" అనొచ్చు. అటు ప్రభుత్వంలో సొంత పదవి, ఇటు ప్రభుత్వంలో బాగా కావలసినవాళ్లు. హద్దు చెరిగిన చోట రెండు అధికారాల నీడా ఒకే మనిషి మీద పడితే, కింది స్థాయి సర్వేయరు గొలుసు పట్టుకుని ఏం కొలుస్తాడు? ఒక గ్రామ సర్వేయరు, ఒక ఫారెస్ట్ గార్డు ఆ కొండ మీద నిలబడి ఉంటే వాళ్ల పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకుంటేనే గుండె బరువెక్కుతుంది.

ఆ సరిహద్దులోనే సుంకులమ్మ గుడి ఒకటి ఉండేది. పాత గుడి, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కొలిచే అమ్మవారు, పైగా రెండు రాష్ట్రాల హద్దుకు అది ఒక గుర్తు కూడా. 2006లో ఆ గుడిని పేల్చేశారు. మైనింగ్ కోసమే చేశారని స్థానికులు ఫిర్యాదులు చేశారు, కోర్టుల చుట్టూ తిరిగారు. తిరుపతిలో ఉన్నవాళ్లు కిరీటం గురించి మాట్లాడుకునేటప్పుడు ఆ గుడినీ తలుచుకోవాలి. శ్రీవారికి కిరీటం పెట్టినవాళ్ల భక్తి నిజమా కాదా అని తేల్చే హక్కు ఎవరికీ లేదు. కానీ కొండ మీద చిన్న అమ్మవారికి కిరీటం ఎవరూ చేయించలేదు, ఆమె గుడి మిగల్లేదు, ఆ ఊళ్ల జనానికి అది ఇప్పటికీ మానని గాయం.

చట్టసభల్లో ఆయన ప్రయాణం గమనిస్తే ఒక విషయం తేలుతుంది. బళ్లారిని ఏలినట్టు పేరు తెచ్చుకున్న కాలంలో జనార్దన రెడ్డి ఎమ్మెల్యే కారు. 2006లో ఎమ్మెల్సీ అయ్యారు. ఓట్లు తెచ్చుకునే పని అన్నదమ్ములది, స్నేహితుడు శ్రీరాములుది. కరుణాకర రెడ్డి 2004లో బళ్లారి ఎంపీ, 2008లో హరపనహళ్లి ఎమ్మెల్యే. సోమశేఖర రెడ్డి బళ్లారి నగర ఎమ్మెల్యే. శ్రీరాములు బళ్లారి గ్రామీణ ఎమ్మెల్యే, 2009లో ఆయన చెల్లెలు శాంత ఎంపీ. ఒక్క జిల్లా, ఒక్క బృందం.

ఎమ్మెల్సీ అయిన ఏడాదే ఆయన చేసిన పని రాష్ట్రాన్ని కుదిపేసింది. తమ పార్టీ భాగస్వామిగా ఉన్న ప్రభుత్వంలోనే ముఖ్యమంత్రి కుమారస్వామి గని యజమానుల నుంచి 150 కోట్లు తీసుకున్నారని ఆరోపించారు. కుమారస్వామి ఖండించారు. ఆ రగడ నడుస్తుండగానే 2007 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం అక్రమ మైనింగ్ వ్యవహారం మొత్తాన్ని లోకాయుక్తకు అప్పగించింది. అప్పుడు లోకాయుక్తగా ఉన్నది సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి సంతోష్ హెగ్డే. నాలుగేళ్ల తర్వాత ఆ విచారణే బళ్లారి సామ్రాజ్యాన్ని కూల్చింది.

2008లో కర్ణాటకలో బీజేపీ 224 స్థానాల్లో 110 గెలిచి మూడు సీట్ల దూరంలో ఆగింది. స్వతంత్రులను తీసుకురావడంలో, తర్వాత ప్రతిపక్ష ఎమ్మెల్యేలతో రాజీనామా చేయించి ఉప ఎన్నికల్లో మళ్లీ గెలిపించుకునే ఆపరేషన్ కమలలో, బళ్లారి మనుషులదే ప్రధాన పాత్ర అని అందరూ రాశారు. దక్షిణాదిలో బీజేపీ మొదటి సొంత ప్రభుత్వం అలా నిలబడింది. జనార్దన రెడ్డి పర్యాటక శాఖ మంత్రి, కరుణాకర రెడ్డి రెవెన్యూ, శ్రీరాములు ఆరోగ్యం, సోమశేఖర రెడ్డికి కర్ణాటక పాల సమాఖ్య అధ్యక్ష పదవి. ముగ్గురు మంత్రుల బలం ఎంతంటే, 2009 చివర్లో ఎమ్మెల్యేలను వెంటేసుకుని యడియూరప్ప మీద తిరగబడ్డారు, ముఖ్యమంత్రి టీవీ కెమెరా ముందు కన్నీళ్లు పెట్టుకున్నారు, ఆయనకు నమ్మకస్తురాలైన శోభా కరంద్లాజే మంత్రి పదవి వదులుకోవాల్సి వచ్చింది. పర్యాటక మంత్రిగా ఆయన ఏం చేశారు అని అడిగితే హంపి ఉన్న ప్రాంతం వాళ్లకే చటుక్కున చెప్పడానికి ఏమీ గుర్తురాదు.

ఎదురు గాలి రెండు వైపుల నుంచీ వీచింది. ఆంధ్రలో 2009 సెప్టెంబరు 2న రాజశేఖర రెడ్డి హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయారు. తర్వాత వచ్చిన రోశయ్య ప్రభుత్వం నవంబరులో ఓఎంసీ మీద సీబీఐ విచారణ కోరింది, డిసెంబరులో కేసు నమోదైంది. కర్ణాటకలో అటవీ అధికారి యు.వి. సింగ్ బృందం లారీ లారీకీ పర్మిట్లు, కాటా చీటీలు, రేవు లెక్కలు పోల్చి చూసే పని పెట్టుకుంది. అది ఎంత ఓపికతో కూడిన పనో తలుచుకుంటే వాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది. 2010లో కార్వార్ దగ్గర బెలెకేరి రేవులో లక్షల టన్నుల ఖనిజాన్ని పట్టుకుని సీజ్ చేస్తే, సీజ్ చేసిన సరుకే మాయమై ఓడలెక్కింది. పట్టుకున్న అధికారినే సస్పెండ్ చేయబోతే సంతోష్ హెగ్డే లోకాయుక్త పదవికి రాజీనామా చేశారు, అద్వానీ అడిగాక వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది అసెంబ్లీలో జరిగిన సవాళ్ల తర్వాత అప్పటి ప్రతిపక్ష నేత సిద్ధరామయ్య బెంగళూరు నుంచి బళ్లారికి 320 కిలోమీటర్లు నడిచారు. ఆయన ముఖ్యమంత్రి కావడానికి ఆ నడకే మొదటి మెట్టు అని చాలామంది అంటారు, అది సరైన మాటే.

2011 జూలై 27న హెగ్డే తుది నివేదిక ఇచ్చారు. 2006 నుంచి 2010 వరకు ఖజానాకు 16,085 కోట్ల నష్టం అని లెక్క తేల్చారు. నాలుగు రోజుల్లో యడియూరప్ప పదవి పోయింది (ఆయన మీద గనుల ముడుపుల కేసును 2016లో సీబీఐ కోర్టు కొట్టేసింది, అదీ చెప్పుకోవాలి). సుప్రీంకోర్టు బళ్లారిలో మైనింగ్ ఆపేసింది. సెప్టెంబరు 5 తెల్లవారుజామున సీబీఐ బళ్లారి వెళ్లి జనార్దన రెడ్డినీ, ఓఎంసీ ఎండీగా ఉన్న ఆయన బావమరిది బి.వి. శ్రీనివాస రెడ్డినీ అరెస్టు చేసి హైదరాబాద్ తెచ్చింది. చంచల్‌గూడ, తర్వాత బెంగళూరు పరప్పన అగ్రహారం, మొత్తం మూడేళ్లకు పైగా జైలు. మధ్యలో 2012లో బెయిల్ వస్తే, అది జడ్జికి లంచం ఇచ్చి తెచ్చుకున్న బెయిల్ అన్న ఆరోపణ బయటపడి ఆ సీబీఐ కోర్టు జడ్జినే సస్పెండ్ చేసి అరెస్టు చేశారు. న్యాయవ్యవస్థ మీద తెలుగువాళ్ల నమ్మకాన్ని అంతగా కదిలించిన సంఘటనలు తక్కువ. చివరికి 2015 జనవరిలో సుప్రీంకోర్టు బెయిల్ ఇచ్చింది, బళ్లారి, అనంతపురం, కడప జిల్లాల్లో అడుగు పెట్టకూడదన్న షరతుతో.

ఈ పెద్దల కథలో చిన్నవాళ్లు కనపడకుండా పోతారు. హొస్పేట, సండూరు, బళ్లారి చుట్టూ రైతులు పంట మానేసి పొలాన్ని ఖనిజం కుప్పలు పోసే స్టాక్‌యార్డ్‌కు అద్దెకిచ్చారు, ఎర్రదుమ్ము పడ్డ పొలంలో పంట ఎలాగూ రాదు కాబట్టి. ఉన్నది తాకట్టు పెట్టి ఫైనాన్స్‌లో టిప్పర్లు కొన్నారు. మన సీమ కుర్రాళ్లు డ్రైవర్లుగా పోయారు. 2011లో ఒక్క ఉత్తర్వుతో పని ఆగిపోయాక టిప్పర్లు రోడ్డు పక్కన తుప్పు పట్టాయి, కంతులు కట్టలేనివాళ్ల బండ్లు ఫైనాన్స్ వాళ్లు పట్టుకుపోయారు. ఎగుమతిలో లాభం వచ్చినప్పుడు వీళ్లకు వచ్చింది దినకూలీ, ఆగినప్పుడు మాత్రం నష్టంలో పూర్తి వాటా. 2013లో సుప్రీంకోర్టు లీజులను మూడు వర్గాలుగా విడదీసి, ఎక్కువ ఉల్లంఘనలున్న సీ వర్గం లీజులు రద్దు చేసి, ఏడాదికి ఇంతే తవ్వాలని పరిమితి పెట్టి, అమ్మకం ఈ-వేలంలోనే జరగాలంది. అది మంచి తీర్పు. కానీ టిప్పర్ పోయినవాడికి తీర్పులో ఏమీ రాలేదు.

షరతు వల్ల సొంత ఊరికి వెళ్లలేని నాయకుడు రాజకీయంగా అయిపోయినట్టే అనుకున్నారు చాలామంది. 2016 నవంబరులో, పెద్దనోట్లు రద్దై జనం ఏటీఎంల ముందు నిలబడి ఉన్న వారంలో, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో కూతురు బ్రహ్మణి పెళ్లి విజయనగర సెట్టింగులతో చేసినప్పుడు దేశమంతా తిట్టిపోసింది, ఐటీ శాఖ నోటీసులు వెళ్లాయి. 2018లో బీజేపీ దూరం పెట్టింది. 2022 డిసెంబరు 25న ఆయన కళ్యాణ రాజ్య ప్రగతి పక్ష అని సొంత పార్టీ పెట్టి, బళ్లారిలో అడుగు పెట్టే వీల్లేక పక్కనే ఉన్న కొప్పళ జిల్లా గంగావతి ఎంచుకుని, 2023లో 8 వేల పైచిలుకు ఓట్లతో గెలిచారు. జనం ఓట్లతో నేరుగా అసెంబ్లీకి వెళ్లడం ఆయనకు అదే మొదటిసారి. బళ్లారి నగరంలో ఆయన భార్య లక్ష్మీ అరుణ సొంత బావగారు సోమశేఖర రెడ్డి మీదే పోటీ చేశారు. ఓట్లు చీలి ఇద్దరూ ఓడారు, కాంగ్రెస్ అభ్యర్థి నారా భరత్ రెడ్డి గెలిచారు. కుటుంబం ఒక్కటిగా ఉన్నంతకాలం ఎవరూ పడగొట్టలేని కోట అలా లోపలి నుంచే చీలింది. 2024 మార్చిలో పార్టీని బీజేపీలో కలిపేశారు, ఆ ఏడాది సెప్టెంబరు చివర్లో సుప్రీంకోర్టు బళ్లారి షరతు కూడా ఎత్తేసింది.

2025 మే 6న హైదరాబాద్ సీబీఐ ప్రత్యేక కోర్టు ఓఎంసీ కేసులో తీర్పు చెప్పింది. జనార్దన రెడ్డి, శ్రీనివాస రెడ్డి, అప్పటి గనుల శాఖ డైరెక్టర్ వి.డి. రాజగోపాల్, జనార్దన రెడ్డి వ్యక్తిగత సహాయకుడు మెహఫూజ్ అలీఖాన్‌లకు ఏడేళ్ల జైలు. అప్పటి గనుల మంత్రి సబితా ఇంద్రారెడ్డి, ఐఏఎస్ అధికారి కృపానందం నిర్దోషులు. కేసు నమోదైన నాటి నుంచి తీర్పు దాకా పదిహేనేళ్లు దాటింది. రెండు రోజుల్లో కర్ణాటక అసెంబ్లీ ఆయన సభ్యత్వం రద్దు చేసింది. జూన్‌లో తెలంగాణ హైకోర్టు శిక్షను నిలిపి బెయిల్ ఇచ్చింది, సభ్యత్వం మళ్లీ వచ్చింది, అప్పీలు మీద వాదన మిగిలింది.

ఆ "రెండు రోజుల్లో" వెనక ఒక చరిత్ర ఉంది. 2013 జూలై వరకు ప్రజాప్రతినిధుల చట్టంలో 8(4) అనే సెక్షన్ ఉండేది, శిక్ష పడినా మూడు నెలల్లో అప్పీలు వేస్తే సీటు భద్రం. లిలీ థామస్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, రెండేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడితే ఆ క్షణమే సభ్యత్వం పోతుంది. అది మంచి మార్పు. ఇంకో తలుపు మాత్రం తెరిచే ఉంది. ప్రభుత్వంతో కాంట్రాక్టు ఉన్న ఎమ్మెల్యే అనర్హుడు అని అదే చట్టంలోని 9ఏ సెక్షన్ చెబుతుంది, కానీ గని లీజు ఆ కోవలోకి రాదని 1964లోనే సుప్రీంకోర్టు తేల్చింది, అదీ మన ఆంధ్ర నుంచే వెళ్లిన ఎన్నిక కేసులో. అంటే ఊళ్లో పది లక్షల రోడ్డు పని కాంట్రాక్టు తీసుకున్న ఎమ్మెల్యేకి సీటు పోవచ్చు, వందల హెక్టార్ల గని లీజు ఉన్న ఎమ్మెల్యేకి, ఆ లీజు ఇచ్చే ప్రభుత్వంలోనే మంత్రి అయినా, ఈ సెక్షన్ కింద ఏమీ కాదు. ఇది సరిదిద్దాల్సిన సంగతి, ఏ పార్టీ కూడా గట్టిగా అడగడం లేదు.

బళ్లారి కుంభకోణాల దెబ్బకే కాకపోయినా వాటి నీడలోనే 2015లో గనుల చట్టం మారింది. పెద్ద ఖనిజాల లీజులు వేలంలోనే ఇవ్వాలి, గనులున్న జిల్లాలో జిల్లా ఖనిజ నిధి పెట్టాలి. కుప్పం పక్కన గుడుపల్లె మండలం చిగరగుంటలో బంగారు గని ఉండేది, కేజీఎఫ్ నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ దాన్నీ నడిపి 2001లో మూసేసింది. ఆ బ్లాకు ఈ కొత్త పద్ధతిలో వేలం ద్వారా కేంద్ర ప్రభుత్వ గనుల సంస్థ ఎన్ఎండీసీకి దక్కింది, ఎవరో మంత్రి గదిలో సంతకంతో కాదు. గ్రానైట్ సంగతి వేరు. అది చిన్న తరహా ఖనిజం, నియమాలు పెట్టేది, సీనరేజి (తవ్విన రాయి మీద కట్టే రుసుము) వసూలు చేసేది రాష్ట్రమే. చిత్తూరు జిల్లా క్వారీల్లో చాలా వాటికి తమిళనాడు, కర్ణాటక హద్దు కూతవేటు దూరం. కొండ మీద రాయి ఏ సర్వే నంబరులో ఉంది, లారీ ఏ పర్మిట్ మీద చెక్‌పోస్టు దాటింది అన్న ప్రశ్నలు ఇక్కడా అవే. పేర్లు పెట్టి ఎవరినీ అనక్కర్లేదు, ఓబుళాపురంలో జరిగింది ఇక్కడ జరగడానికి కావలసిన భూగోళం మాత్రం మన దగ్గరా ఉంది.

ఓబుళాపురం కొండ దగ్గర సర్వే ఆఫ్ ఇండియా హద్దును మళ్లీ కొలిచింది. వివాదం తీరిపోయింది, ఓఎంసీ మళ్లీ తవ్వుకుంటానంటే తమకు అభ్యంతరం లేదని 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు చెప్పింది. 1953లో గీసిన ఒక గీతను చెరిపి మళ్లీ గీయడానికి ఇన్నేళ్లు పట్టింది, ఆ గీత మీద ఉన్న సుంకులమ్మ గుడి మాత్రం ఏ మ్యాపులోనూ పాత చోట లేదు.